మా ఇంటి గీత ఎవరు గీశారు?

చెన్నేకొత్తపల్లి చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా, ఊరికి అల్లంత దూరంలో ఒక కాలనీ కనబడుతుంది. దాని పేరు ప్రభుత్వాన్నిబట్టి మారుతూ వచ్చింది. ఎన్టీఆర్ కాలనీ, ఇందిరమ్మ కాలనీ, జగనన్న కాలనీ. పేరేదైనా రూపు ఒకటే. సున్నపు గీతలు, పాతిన హద్దురాళ్లు, ఒకే కొలత గదులు, సగం లేచి ఆగిపోయిన గోడలు, వాటి నడుమ సర్కారు తుమ్మ. ఆ కాలనీల్లో మావాళ్లకూ స్థలాలు వచ్చాయి. రాలేదని మేము అనడం లేదు. మేము అడుగుతున్నది వేరే సంగతి. ఆ గీత గీసేముందు అక్కడ బతకబోయేవాళ్లను ఎవరైనా అడిగారా? మీ పని ఏమిటి, మీ ఆడవాళ్లు ఎక్కడ కూర్చుంటారు, మీ పీర్లు ఎక్కడ నిలబడతాయి, మీ శవం ఏ దారిన పోతుంది అని ఒక్కరైనా నోరు తెరిచి అడిగారా?

ఈ ప్రశ్న ముస్లిములది మాత్రమే కాదు. మాదిగవాడ వాళ్లదీ, బోయవీధి వాళ్లదీ, ధర్మవరం మగ్గంగుంతలో కాళ్లు పెట్టుకు కూర్చున్న నేతపనివాడిదీ. కానీ మా విషయంలో ఇంకొక మెలిక ఉంది. మేము ఎక్కడ ఉండాలి అన్నది ఈ దేశంలో ఇంటి ప్రశ్నగా మాత్రమే ఎన్నడూ లేదు. మేము గుంపుగా ఉంటే అనుమానం. విడిగా ఉందామంటే అద్దెకు ఇల్లు దొరకదు. అందువల్ల మా ఇంటి చరిత్రను మేమే ఒకసారి తిరగేసుకోవలసి ఉంది.

పెనుకొండకు పోతే ఈ సీమలో మా ఉనికి ఎంత పాతదో తెలుస్తుంది. 1565లో తళ్లికోట యుద్ధం పోగొట్టుకున్న విజయనగర పాలకులు రాజధానిని ఇక్కడికి మార్చుకున్నారు. అంతకు కొన్ని శతాబ్దాల ముందే బాబయ్య ఇక్కడికి వచ్చాడనీ, ఆయన తిరుచిరాపల్లి నత్తర్ వలీ శిష్యుడనీ సంప్రదాయం. బాబా ఫక్రుద్దీన్ దర్గా, షేర్ ఖాన్ మసీదు, పార్శ్వనాథుని జైన ఆలయం, గగన్ మహల్ అన్నీ ఆ ఒక్క ఊళ్లోనే ఉన్నాయి. మా చరిత్ర అనగానే మాలో కొందరు ఈ కట్టడాల దగ్గరే ఆగిపోతారు. మేము ఆగదలచుకోలేదు. మసీదు కట్టించినవాడి పేరు రాయిమీద ఉంది. ఆ రాయి మోసినవాడు ఎక్కడ పండుకున్నాడన్నది మా ప్రశ్న. ఈ ప్రాంతపు ముస్లిముల్లో నవాబుల వారసులు వేళ్లమీద లెక్కపెట్టేంతమంది. మిగతావాళ్లు దూది ఏకినవాళ్లు, పరుపులు కుట్టినవాళ్లు, గాజులు అమ్మినవాళ్లు, బండి తోలినవాళ్లు, కసాయి పని చేసినవాళ్లు, ఇప్పుడు ఆటోలు తోలేవాళ్లు, పంచర్లు వేసేవాళ్లు. దూదేకుల వాళ్లకు ఇంటి భాష తెలుగు. తక్కిన మాకు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. 2011 జనాభా లెక్కల్లో అనంతపురం జిల్లాలో సుమారు పదిమందికి ఒకరు ముస్లిం. హిందూపురం పట్టణంలో ఇంకా ఎక్కువ.

ఇక కాగితం సంగతి. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి వదిలేశాడు. థామస్ మన్రో 1807 దాకా ఇక్కడ కలెక్టరుగా ఉండి రైత్వారీ పద్ధతికి పునాది వేశాడు. పన్ను పొలం మీద గనుక పొలాన్ని కొలిచారు. ఏ చేను ఎవరిదో పేరుపేరునా రాసుకున్నారు. ఊరి ఇళ్ల జాగాను మాత్రం గ్రామకంఠం అని మొత్తంగా ఒక్క ముక్కలో వదిలేశారు. ఎవరి ఇల్లు ఎవరిదో ఊరికి తెలుసు, రికార్డుకు తెలియదు. పొలం ఉన్న రైతుకు దీనివల్ల పెద్ద నష్టం లేదు. ఆయనకు పొలం పట్టా ఉంది, దాని మీద అప్పు పుడుతుంది. చేతిపని మీద బతికేవాడికి పొలమూ లేదు, ఇంటికి కాగితమూ లేదు. మూడు తరాలు పుట్టి పెరిగిన మట్టిమిద్దె బ్యాంకు లెక్కలో ఇల్లే కాదు. సాయిబుల వీధి, దూదేకుల వీధి ఎక్కువభాగం ఇట్లాంటి జాగాలోనే పెరిగాయి. పీర్ల చావిడీ అంతే, ఖబరస్తానూ అంతే. వాడుకే దానికి దస్తావేజు.

ఆ మట్టిమిద్దె గురించి కూడా ఒక మాట చెప్పాలి. రాతి గోడ, కట్టె దంతెలు, పైన చవుడు. వెలుతురుకు గవాక్షి. ముందు అరుగు, లోపల చిన్న వాకిలి. ఎండాకాలం చల్లగా ఉంటుంది. వాన పట్టుకుంటే ఉరుస్తుంది, ఒక్కోసారి కూలుతుంది. పాత ఇల్లు స్వర్గమని మేము పాట పాడటం లేదు. కూలిన మిద్దె కింద బిడ్డను పోగొట్టుకున్న తల్లికి స్లాబు ఇల్లు ఎందుకు కావాలో ఎవరూ చెప్పనక్కరలేదు. అయితే ఆ ఇంటిని ఆ ఇంటివాళ్లే తమ పనికి తగినట్టు కట్టుకున్నారు. పరుపులు కుట్టేవాడికి దూది పరచుకునే జాగా ఉండేది. ఆడవాళ్లకు వీధి కళ్లు పడకుండా పని చేసుకునే మూల ఉండేది. మేకకు గుంజ ఉండేది.

పేదవాడి ఇంటిని ప్రభుత్వం ప్లాను వేసి కట్టడం ఎప్పుడు మొదలైందో చూడాలంటే హైదరాబాదుకు పోవాలి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని మింగింది. నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన పథకం నుంచే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వచ్చాయి. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. రోడ్లు వెడల్పు చేసింది, పత్తర్‌గట్టి కట్టింది, ఇరుకు బస్తీలను తొలగించి మల్లేపల్లి వంటి చోట్ల క్వార్టర్లు కట్టించింది. సామాన్యుడి ఇంటిని రాజ్యం తన పనిగా తలచిన తొలి ఉదాహరణల్లో అది ఒకటి. ముస్లిం రాజు చేశాడని మాలో కొందరు దీన్ని గొప్పగా చెప్పుకుంటారు. గొప్పే. కానీ అక్కడ కూడా నిర్ణయం ఫర్మానాగా పైనుంచి దిగింది. రాజు మావాడైనంత మాత్రాన గీత మాది కాలేదు. ఈ సంగతి ఒప్పుకోకపోతే మేము ఈనాటి ప్రభుత్వాలను అడిగే హక్కు పోగొట్టుకుంటాం.

ఆ రోజుల్లోనే పాట్రిక్ గెడ్డెస్ అనే స్కాట్లండ్ ఆయన 1914లో మన దేశానికి వచ్చి మద్రాసు రాష్ట్రపు పట్టణాలు కొన్ని తిరిగి నివేదికలు రాశాడు. అనంతపురం జిల్లా అప్పుడు ఆ రాష్ట్రంలోదే. ఆయన చెప్పింది సూటిగా ఉంది. పాత వీధిని పడగొట్టి తిన్నగా రోడ్డు వేసే ముందు ఆ వీధిలో నడిచి చూడండి. ఏ శిథిలమైన ఇల్లు తీస్తే గాలి ఆడుతుందో అది తీయండి, చెట్టూ గుడీ మసీదూ ఉండనివ్వండి, జనాన్ని ఊరవతలికి తోలకండి అన్నాడు. వైద్యుడు రోగిని చూడకుండా కత్తి పట్టకూడదన్నది ఆయన వాదం. 1920లో మద్రాసు టౌన్ ప్లానింగ్ చట్టం వచ్చింది. చట్టం నిలిచింది, ఆ చూపు నిలవలేదు.

అడిగి కట్టిన ఉదాహరణ మన రాష్ట్రంలోనే ఒకటి ఉండేది. మావాళ్లలో చాలామందికి అది తెలియదు. 1967లో హైదరాబాదు మునిసిపల్ కార్పొరేషన్ అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టింది. అది మొదట ఇల్లు కట్టలేదు. బస్తీలోకి కార్యకర్తలను పంపింది. వాళ్లు మహిళామండళ్లు, యువజన సంఘాలు ఏర్పరిచారు, బాల్వాడీలు నడిపారు, కుట్టుపని నేర్పారు. యునిసెఫ్ తోడ్పడింది. బస్తీ జనం ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడం అలవాటైన తర్వాతనే, 1970ల చివరి నుంచి ఇళ్ల సంగతి ఎత్తారు. బస్తీని ఎత్తివేయకుండా ఉన్నచోటే పట్టాలు ఇచ్చారు, బ్యాంకుల చేత అప్పులు ఇప్పించారు, ఇల్లు కట్టుకోవడం ఆ ఇంటివాళ్ల చేతికే వదిలారు. 1983 నుంచి బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో అది ఇంకా బస్తీలకు పాకింది. ప్రపంచంలో చాలామంది వచ్చి చూసి రాసుకుపోయారు. ఆ బస్తీల్లో ముస్లిములూ దళితులూ పక్కపక్కనే ఉన్నారు. పట్టా చేతికి వచ్చాక, రేపు ఎవడో వచ్చి పొమ్మంటాడన్న భయం పోయాక, మనిషి తన డబ్బు తెచ్చి గోడలో పెట్టాడు. దీనిలో మర్మమేమీ లేదు. ఉన్నచోటు, కాగితం, అడగడం. ఈ మూడే.

తర్వాత ఏమైంది? విదేశీ సాయంతో నడిచే పని ఆ సాయమున్నంత కాలమే నడుస్తుంది. అడిగి కట్టడానికి టైము పడుతుంది. ఎన్నికలకు అంత టైము ఉండదు. కాంట్రాక్టరుకు ఒకే అచ్చు లాభం. 2005 డిసెంబరులో మొదలైన జేఎన్ఎన్‌యూఆర్ఎం వచ్చేసరికి పట్టణ పేదల ఇల్లు అంటే ఊరి చివర అంతస్తుల బ్లాకు అన్న మాట స్థిరపడింది.

పల్లెల్లో కథ వేరే దారిన వచ్చి అక్కడికే చేరింది. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 1983 తర్వాత ఎన్టీఆర్ ప్రభుత్వం పక్కా ఇళ్లను పెద్ద ఎత్తున పట్టుకుంది. 1985లో కేంద్రం ఇందిరా ఆవాస్ యోజన తెచ్చింది. 2006లో ఇందిరమ్మ వచ్చింది. 2020 డిసెంబరు 25న జగన్ ప్రభుత్వం ముప్పై లక్షలకు పైగా ఇళ్ల స్థలాల పంపిణీ మొదలుపెట్టింది. పల్లెలో సెంటున్నర, పట్టణంలో సెంటు. సెంటు అంటే 48.4 చదరపు గజాలు. కాబట్టి సెంటున్నర అంటే 72 గజాల చిల్లర. ఇల్లు 340 చదరపు అడుగులు. ఇంటికి 1,80,000 రూపాయలు. పట్టా ఆడవాళ్ల పేర. ఈ చివరి మాటను మేము తేలికగా తీసుకోవడం లేదు. తలాకు భయంతో బతికిన మా అక్కచెల్లెళ్లలో చాలామందికి తమ పేరున్న ఆస్తి కాగితం అదే మొదటిది. 2021 అక్టోబరులో హైకోర్టు సింగిల్ జడ్జి ఈ కొలత మనిషి బతకడానికి చాలదని తప్పుపట్టారు. తర్వాత డివిజన్ బెంచి ముందు ఆ తీర్పు నిలవలేదు. 2024 ఎన్నికల్లో గెలిచిన కూటమి పట్టణంలో రెండు, పల్లెలో మూడు సెంట్లు అని మాటిచ్చింది. వాదమంతా సెంట్ల మీదనే నడిచింది. ఆ సెంట్లు ఎక్కడ, ఎవరి పక్కన, ఎట్లా అన్న మాట ఎవరి వాదంలోనూ రాలేదు.

340 అడుగుల్లో దూది ఎక్కడ పరచాలి? ధర్మవరంలో గుంతమగ్గం నేసేవాడికి నేలలో గుంత కావాలి, పడుగు సాగదీసుకునే నిడివి కావాలి. నేతవాళ్లకు ఇల్లూ పనిషెడ్డూ కలిపి కట్టించే పథకం 1980ల మధ్యలోనే కేంద్రం తెచ్చింది. ఇల్లూ పనీ ఒకటేనని సర్కారుకు తెలుసన్నమాట. తెలిసిన సంగతిని ప్రతి కొత్త పథకం మరిచిపోతుంది. లేఅవుటులో ఉమ్మడి స్థలం అని ఒకటి వదులుతారు, అది పార్కు అంటారు. మా సీమలో మొహర్రం ఒక్క ముస్లిములది కాదు. నార్పల మండలం గూగూడులో కుళ్లాయిస్వామి దగ్గరికి వచ్చే జనంలో హిందువులే ఎక్కువ. పీర్ల చావిడి ముందు గుండం తవ్వే జాగా ఉమ్మడి జాగా కాకపోతే మరేది ఉమ్మడి? కొత్త కాలనీ పుట్టి ఇరవై ఏళ్లయినా పీరు పాత ఊళ్లోనే నిలబడుతుంది. కాలనీ పిల్లలకు ఆ పది రోజులు పరాయివైపోతున్నాయి. తర్వాత ఎవరో వచ్చి, హిందువు హిందువే, తురక తురకే అని వాళ్లకు నేర్పడం సులువవుతుంది.

ఇక గ్రామసభ. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోకి వచ్చింది, 1994లో రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. ఇల్లు ఎవరికి రావాలో గ్రామసభ చెప్పాలి. కాగితం మీద ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు. మేము పాత్రికేయులుగా ఇట్లాంటి సభలు చాలా చూశాం. శుక్రవారం జుమ్మా నమాజు వేళకు పెట్టిన సభ చూశాం. రచ్చకట్ట చుట్టూ మగవాళ్లు, వెనక గోడవారన ఆడవాళ్లు, ఇంకా వెనక మా బుర్ఖాలు. అధికారి జాబితా చదువుతాడు. అందులో పేరుందా లేదా అన్నదే మాట. స్థలం ఎక్కడ అని అడిగితే, ముందు రానీ తర్వాత చూద్దాం అంటారు. 2022లో ఉర్దూ రాష్ట్రమంతటికీ రెండో అధికార భాష అయింది. అభ్యంతరం రాసే ఫారం మాత్రం తెలుగులోనే మా చేతికి వచ్చింది. ఒకసారి మేమే గోడ దగ్గర నిలబడి ఒక ముసలామెకు ఆ జాబితా ఉర్దూలో చెప్పవలసి వచ్చింది. ఆమె లబ్ధిదారు అన్న మాటకు అర్థం అడిగింది. మేము తడుముకున్నాం. హక్దార్ అని చెప్పబోయి ఆగాం. ఆ రెండూ ఒకటి కావు. హక్దార్ అంటే అడిగేవాడు. లబ్ధిదారు అంటే ఇచ్చింది పుచ్చుకునేవాడు. మొత్తం చరిత్రలో మాకూ ఈ దేశపు పేదలందరికీ జరిగిన మార్పు ఆ రెండు మాటల నడుమ ఉంది.

2006 నవంబరులో సచార్ కమిటీ చెప్పిన సంగతులు మాకు కొత్తవి కావు. ముస్లిములకు అద్దె ఇళ్లు దొరకవనీ, బ్యాంకులు కొన్ని ముస్లిం ప్రాంతాలను అప్పు ఇవ్వకూడని చోట్లుగా చూస్తున్నాయనీ, మా మొహల్లాల్లో నీళ్లూ రోడ్లూ వెనకబడి ఉన్నాయనీ రాసింది. అదే ఏడాది ప్రధానమంత్రి 15 అంశాల కార్యక్రమంలో ఇందిరా ఆవాస్ ఇళ్లలో మైనారిటీలకు 15 శాతం అన్నారు. శాతం అవసరమే. కానీ శాతం లెక్కకు వస్తుంది, నోటికి రాదు. 15 ఇళ్లు ఇచ్చి పదిహేనూ గుట్ట అవతల ఇస్తే లెక్క సరిపోతుంది.

ఇప్పుడు మా తప్పులు చెప్పుకోవాలి. మా తరఫున ఎవరు మాట్లాడుతున్నారు? జమాత్ పెద్ద, ముతవల్లీ, పార్టీ మైనారిటీ సెల్ నాయకుడు. వాళ్లు మగవాళ్లు, తమ వీధివాళ్లు. దూదేకుల వాడు నమాజు వరసలో పక్కన నిలబడితే సోదరుడు, జాబితా దగ్గరికి వస్తే వేరే కులం. ఆడవాళ్ల పేరుతో పట్టా వస్తుంది, ఆడవాళ్ల మాట మాత్రం ఇంటి మగాడి నోటినుంచి వస్తుంది. మమ్మల్ని అడగలేదని ప్రభుత్వాన్ని నిలదీసే మేము, మాలో సగంమందిని అడగడం లేదు. ఇదే చెన్నేకొత్తపల్లిలో 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ తోడ్పాటుతో పల్లె ఆడవాళ్లు పొదుపు సహకార సంఘాలు పెట్టుకుని, ఎవరికి అప్పు ఇవ్వాలో ఎంత ఇవ్వాలో తామే తేల్చుకుంటున్నారు. డబ్బు సంగతి తేల్చగలిగినవాళ్లు వంటింటి కిటికీ ఎటువైపో చెప్పలేరా?

అన్నింటికన్నా కష్టమైన ప్రశ్న ఒకటుంది. మాకు ఒకచోట ఇవ్వండి అని అడగాలా, అందరితో కలిపి ఇవ్వండి అని అడగాలా? 1990 హైదరాబాదు అల్లర్లు, 1992 డిసెంబరు 6 చూసినవాళ్లు ఒకచోట అంటారు. పక్కన మనవాళ్లుంటే నిద్ర పడుతుందంటారు. దాన్ని పిరికితనం అనే అధికారం ఎవరికీ లేదు. మసీదు, మక్తబ్, ఖబరస్తాన్ దగ్గర ఉండాలన్నదీ న్యాయమైన కోరికే. కానీ ఒకచోట పడిన కాలనీకి రేపు పేరు పెట్టేది మేము కాదు. చిన్న పాకిస్తాన్ అన్న మాట ఎంత తొందరగా అతుక్కుంటుందో మాకు తెలుసు. బస్సు ఆగదు, కొళాయి రాదు, బ్యాంకు రాదు. లాటరీ తీసి చెల్లాచెదురుగా వేస్తే మరొక బాధ. వంద ఇళ్లలో ఒంటరిగా పడిన ఒక ఇల్లు పక్కింటివాడి దయమీద బతకాలి. మాలో దీనిమీద ఒక్క మాట లేదు. ఉండనక్కరలేదు. లాటరీ డబ్బా గానీ జమాత్ పెద్ద గానీ తేల్చవలసిన ప్రశ్న ఇది కాదు. నాలుగైదు ఇళ్ల వాళ్లు తమ పక్కన ఎవరుండాలో తామే కోరుకునే వీలుంటే, పాత వీధిలో సాయిబు, బోయ, ఉప్పర పక్కపక్కన ఉన్నవాళ్లు కొత్త వీధిలోనూ అట్లాగే పోవచ్చు. కలిసి ఉండటమంటే మేము అడిగేది ఆ ఉన్న పక్కతనాన్ని పాడుచేయకపోవడం.

ఇది తీరికగా చేసుకునే చర్చ కాదు. పెనుకొండ మండలం ఎర్రమంచిలో 2017 ఒప్పందంతో కియా ఫ్యాక్టరీ వచ్చింది, 2019 నుంచి కార్లు బయటికి వస్తున్నాయి. హైదరాబాదు బెంగళూరు జాతీయ రహదారి పక్కన నేల ధర మారిపోయింది. 2020 నుంచి స్వామిత్వ పథకం కింద ఊళ్ల నివాస జాగాలను డ్రోనుతో కొలుస్తున్నారు. గ్రామకంఠంలో ఉన్నవాడికి చివరికి కాగితం వస్తుందంటే మాకు సంతోషమే. కానీ డ్రోనుకు పైకప్పు కనబడుతుంది, వాడుక కనబడదు. పీర్ల చావిడి ముందు బయలు, ఖబరస్తానుకు పోయే బాట ఖాళీ జాగాగానే కనబడతాయి. కొలత తర్వాత నోటీసు ఇస్తారు, అభ్యంతరం చెప్పుకోవచ్చు. ఆ నోటీసు వచ్చిన రోజున మా ఇంటి మగవాడు బెంగళూరులో కూలికి ఉంటాడు. 2025 వక్ఫ్ సవరణ చట్టం వాడుకనుబట్టి వక్ఫ్ అయ్యే పద్ధతిని ఇకముందుకు తీసేసింది. రిజిస్టరులోకి ఎక్కని పల్లె ఖబరస్తానుకు ఊరి నోటిమాటే ఇన్నాళ్లూ రక్షణ. ఆ నోటిమాటకు విలువ తగ్గుతున్న కాలంలో మేము నోరు మూసుకుని ఉంటే చచ్చినవాళ్లకు కూడా చోటుండదు.

కాబట్టి మేము అడిగేవి చిన్నచిన్న సంగతులు. లేఅవుటు గీయకముందే గ్రామసభ పెట్టాలి, గీసిన తర్వాత కాదు. ఆడవాళ్లతో విడిగా ఒక సభ, వాళ్లకు వీలైన వేళ, ఉర్దూలో మాట్లాడేవాళ్లకు ఉర్దూలో. పాత వీధిలోనే మిద్దె బాగుచేసుకుంటామన్నవాడికి అక్కడే పట్టా, అక్కడే అప్పు. పక్కవాళ్లను కోరుకునే వీలు. పని చేసుకునే జాగాను ఇంటి కొలతలో కలపడం. చావిడి, ఖబరస్తాన్, బాట, మాదిగల శ్మశానం, అన్నీ కొలిచేటప్పుడే రాయడం. ఇందులో ఏదీ ముస్లిములకు మాత్రమే పనికొచ్చేది కాదు. హైదరాబాదులో యాభై ఏళ్ల కిందట మునిసిపాలిటీ ఉద్యోగులే దీన్ని చేసి చూపించారు.

మావాళ్లకు చెప్పేది కూడా ఒకటుంది. వచ్చే గ్రామసభకు పోండి. జాబితాలో పేరుందా అని మాత్రం అడిగి తిరిగి రాకండి. ప్లాను కాగితం చూపించమనండి. దాన్ని నేలమీద పరిపించి, గోడవారన నిలబడిన ఆడవాళ్లను ముందుకు పిలవండి. ఆ తర్వాత మాట్లాడుదాం.